తోట ట్రాక్టరు మీద నేను చెప్పిన సాక్ష్యం

ఇంజను అంటుకుని తిరిగిన క్షణాన నేను దాని ముందు నిలబడి లేను. ఇంజను తిప్పడానికి లాగే తాడు గాడిలోంచి జారి, వెల్లకిలా మట్టిలో పడి ఉన్నాను. అప్పటికి ఎన్నిసార్లు లాగానో లెక్క తప్పింది. ప్రతిసారీ అది తుమ్మబోయి మానేసిన మనిషిలా ఒక్క ఊపిరి వదిలి ఊరుకునేది. ఆ సారి ఊరుకోలేదు. కోళ్ళు వంటింటి రేకుల మీదికి ఎగిరాయి. తెల్లటి పొగ అరటిచెట్ల మధ్య పాకింది. పడినవాణ్ణి పడినట్టే ఉండిపోయాను. రెండేళ్ళపాటు దాన్ని ముక్కముక్కగా విప్పి, తోమి, బిగించినవాణ్ణి నేనే. రోజూ దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినవాణ్ణీ నేనే. అయినా అది నడుస్తుందని నా లోపల ఎక్కడా నమ్మలేదని అప్పుడు తెలిసింది. నమ్మకుండానే రెండేళ్ళు ప్రార్థన చేశానన్నమాట. ఆ సంగతి ఇంజను చప్పుడుకంటే ఎక్కువ అదరగొట్టింది నన్ను.

మా మావ, అంటే నా భార్య తండ్రి, ముక్కాలిపీట మీద నుంచి కష్టపడి లేచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన ఆ చప్పుడు విని పన్నెండేళ్ళయింది.

"ఆపు, ఆపు. ఈదిలోకి ఇనిపిస్తది," అన్నాడు.

నేను లేచి ఇంజను దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ ఆయనే, "ఒక్క నిమిసం ఉంచు," అన్నాడు.

అది రంగూను పక్కనున్న ఇన్సేన్‌లో మా ఇంటి వెనక పెరట్లో జరిగింది. నేను అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. మా తాత శ్రీకాకుళం దగ్గర బాప్తిస్మం పుచ్చుకుని, ఆ మరుసటి ఏడే ఓడెక్కి రంగూను వచ్చాడు. మావ వాళ్ళది గంజాం. ఆయన ఒక టేకు కంపెనీ దొర బంగళాలో తోటమాలిగా పనిచేశాడు. ఆ బంగళా పచ్చిక కొయ్యడానికీ, పూలమడులు దున్నడానికీ దొర తెప్పించుకున్నదే ఈ ట్రాక్టరు. మామూలు పొలం ట్రాక్టరు కాదు. మనిషి నడుమెత్తు ఉంటుంది. ఒకటే సిలిండరు, నాలుగు చక్రాలు, వెనక చిన్న నాగలి, కావాలంటే నాగలి తీసి గడ్డి కత్తి తగిలించుకోవచ్చు. ఇనప సీటు మీద ఒక్క మనిషి పడతాడు. ఆ సీటు మీద మా మావ పద్నాలుగేళ్ళు కూర్చున్నాడు.

పటాలం ప్రభుత్వం వచ్చి కంపెనీలన్నిటినీ తన చేతిలోకి తీసుకున్నప్పుడు దొర వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు గేటు దగ్గర నిలబడి "ఇది నీదే, తీసుకుపో" అన్నాడట. కాగితం ఇవ్వలేదు. అప్పుడు ఎవరికీ కాగితం గుర్తు రాలేదు. మావ దాన్ని ఎడ్లబండి మీద గడ్డి కప్పి ఇంటికి తెచ్చి, పెరట్లో పాకలో పెట్టి, మీద కొబ్బరాకులు వేశాడు. పదేళ్ళు అలాగే ఉంది. ఎలుకలు సీటు కింద సంసారాలు చేశాయి.

ఆ రోజుల్లో మాకు బియ్యానికి కార్డు, సబ్బుకి కార్డు, సైకిలుకి కాగితం. ఈ ట్రాక్టరుకి మాత్రం ఏదీ లేదు. నడవనంతవరకు అది ఇనుము. నడిచిన రోజున అది ఎవరిదో ఒకరిది అయిపోతుంది. అందుకే, బాగుచేస్తానని నేనన్నప్పుడు మావ ఒకటే షరతు పెట్టాడు.

"సెయ్యి. గానీ ఈ సంగతి గేటు దాటకూడదు."

ఆయనకి అది ఎందుకు కావాలో నాకు తెలుసు. మా ఇంటి వెనక, రైలు యార్డు గోడ దాకా, ఎకరానికి కాస్త తక్కువ నేల ఉంది. గోంగూర, బొబ్బర్లు, బెండ వేసుకునేవాళ్ళం. ఇంట్లో తినే కూర అంతా అదే. మావకి రెండు మోకాళ్ళూ పోయాయి. ఎర్రమట్టి నేల, వాన పడితే జిగురు, ఎండితే రాయి. పార పట్టుకుని నిలబడలేడు. "కూకుని దున్నగలను అల్లుడా. నిలబడి తవ్వలేను," అనేవాడు. ఆ ట్రాక్టరు ఉంటే ఆయన రైతు. లేకపోతే పీట మీద కూర్చున్న ముసలివాడు. అంతకంటే వేరే సంగతేమీ లేదు.

బాగుచెయ్యడంలో నేను నా మీద ఒక కట్టడి పెట్టుకున్నాను. వర్క్‌షాపు నుంచి ఒక్క వాషరు కూడా ఇంటికి తేకూడదు. ఒక్క సాయంత్రం ఆగి అక్కడి లేతు మీద తిప్పుకుంటే అయిపోయే పని, ఇంట్లో ఆకురాయితో మూడు వారాలు రాశాను. తోటి ఫిట్టర్లు నవ్వేవాళ్ళు. ఒక బర్మా ఆయనైతే రోజూ నేను ఇంటికి బయల్దేరగానే "సయా, నీ జేబు చూపించు. ఇవాళైనా ఏమైనా దొంగిలించావా లేదా, మాకు బెంగగా ఉంది" అనేవాడు. అక్కడ పని తెలిసిన మేస్త్రీనల్లా సయా అంటారు.

పిస్టను సిలిండరులో పట్టేసుకుపోయింది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోశాను. తొమ్మిది రోజులు నానబెట్టి, చెక్క పెట్టి రోజుకి నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టాను. తొమ్మిదో రోజున వెంట్రుకవాసి కదిలింది. పాత ఇనుము అంగళ్ళలో ఒక నీళ్ళ పంపు రింగులు దొరికితే వాటిని అరగదీసి ఇందులో కూర్చాను. కార్బొరేటరులో తేలే ఇత్తడి బుడ్డి చిల్లిపడింది. వేడినీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూసి, అక్కడ తగరం అతికాను. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో చెమ్మ పట్టి చచ్చిపోతే, రేకు మీద పెట్టి నాలుగు మిట్టమధ్యాహ్నాలు ఎండబెట్టాను. దాన్ని నడపడమెలాగో మావకి తెలుసు, లోపలేముందో తెలియదు. లోపలి సంగతి నాకు తెలుసు, నడపడం రాదు. ఇద్దరం కలిసి ఒక్క మెకానిక్కుకి సరిపోయాం.

నడిచాక వాడుక మొదలైంది. యార్డులో రైలు పెట్టెలు మార్చే షంటింగ్ ఇంజను అటూ ఇటూ తిరిగే వేళ చూసుకుని మావ దున్నేవాడు. ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోయేది. నేను పనికి పోతాను కాబట్టి తాడు లాగే పని నా భార్యది. వారం తిరిగేసరికి నాకంటే బాగా ఆమే లాగింది. పెట్రోలు చిన్న సీసాడు పోసి అంటించి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి తిప్పడం, మాగ్నెటో మూత తీసి లోపల రవ్వనిచ్చే పాయింట్లు తుడవడం, అన్నీ నేర్చుకుంది. నేను ఇంటికొచ్చేసరికి మావ కాళ్ళు మట్టితో, ముఖం మసితో ఉండేవి. భోజనం దగ్గర ఇంకో ముద్ద అడిగేవాడు.

ఇక నా తప్పు సంగతి.

మా తెలుగు సంఘం చిన్నది. ఆదివారం ఉదయం మందిరంలో చాపల మీద ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు. ఆ వారం దేవుని చేత మేలు పొందినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్పాలి. నేను పెరిగింది ఈ అలవాటులోనే. ఐదేళ్ళప్పుడు చెవిపోటు తగ్గిందని బెంచీ ఎక్కి చెప్పాను. పొందిన మేలు నోట్లో దాచుకున్నవాడు దేవుడి జేబులో చెయ్యి పెట్టినవాడని మా అమ్మ అనేది. వర్క్‌షాపు నుంచి వాషరు తేవడం ఎంత దొంగతనమో, మేలు పొంది చెప్పకపోవడమూ నాకు అంతే దొంగతనం.

ఐదు ఆదివారాలు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆరో ఆదివారం ఒక ముసలామె లేచి, పోయిన కోడిపెట్ట దొరికిందని చెప్పి కళ్ళు తుడుచుకుంది. కోడిపెట్ట. నేను ఒక ఇంజను పొంది నోరు మూసుకుని కూర్చున్నాను. నా మోకాళ్ళు వాటంతట అవే లేచాయి.

అంతా చెప్పాను. ఆముదం, తొమ్మిది రోజులు, ఇత్తడి బుడ్డిలోంచి వచ్చిన బుడగ. ముసలివాడు మళ్ళీ నాగలి పట్టడం. ఏ చప్పుడు చాటున నడుపుతున్నామో అది కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు. దేవుడు షంటింగ్ ఇంజనుని కూడా మాకోసం ఏర్పాటు చేశాడని నాకప్పుడు గొప్పగా తోచింది. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి నా భార్య నన్ను చూసిన చూపు నాకు అర్థమైంది. అయినా కూర్చోలేదు.

మందిరం బయట టీ తాగుతుంటే అందరూ నన్నే చుట్టుకున్నారు. నది అవతలి దలా నుంచి పడవెక్కి వచ్చే ఒక పిన్ని, "బాబూ, ఆ బండిని మా దలా పడవెక్కించనేమేటి? మా పొలం చెక్క ఓపాలి దున్నీసి పంపించీస్తాం," అంది.

పక్కనే ఉన్న ఇంకొకావిడ, "మా ఆయనకీ ఓ తాడు కట్టి లాగండి బాబూ. పొద్దున్నే ఆయనా అంటుకోడు," అంది.

ఆ భర్త కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. అంత సంతోషంగా ఆ మందిరం మెట్లు నేను ఇంకెప్పుడూ దిగలేదు.

దారిలో నా భార్య అడిగింది. "ఏటండీ, అయ్య మీకేటి సెప్పినాడు?"

"గేటు దాటకూడదన్నాడు."

"దాటిందా నేదా?"

"సంఘమంటే మనవాళ్ళే కదా."

"మనోళ్ళకి నోళ్ళు నేవా? మేలు పొందితే దాచకూడదని ఆళ్ళకి నేర్పింది మీరే కదా. దాచుతారేటి ఇప్పుడు?"

నాకు నడక ఆగిపోయింది. ఎవరో చాడీ చెబుతారన్న భయం ఆమెది కాదు. ఆనందంతోనే చెబుతారని ఆమెకి ముందే తెలుసు. నాకు తెలియలేదు.

నాలుగు రోజులకి వార్డు కౌన్సిలు గుమాస్తా వచ్చాడు. మీ ఇంట్లో ట్రాక్టరు నడుస్తోందట, రేపు ఉదయం చైర్మను స్వయంగా చూడటానికి వస్తాడు, సయా కూడా ఇంట్లో ఉండాలి అన్నాడు. నడిచేదైతే కౌన్సిలు పనికి తీసుకుంటారట. వార్డు జనమంతా శ్రమదానానికి పోయే రోజుల్లో రోడ్ల పక్క గడ్డి కొట్టడానికి కావాలట. తుక్కు అయితే అక్కర్లేదట.

"ఎవులు సెప్పినారు?" అన్నాడు మావ, అతను గేటు దాటాక.

"నేనే మావా. సాక్ష్యం చెప్పాను."

"ఎంతమందికి?"

"అందరికీ."

ఆయన ట్రాక్టరు వైపు తిరిగాడు. "మంచిది. పనిలో పని దానికి బాప్తిస్మం కూడా ఇప్పించీవలసింది," అన్నాడు.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "రేపు నువ్వు పనికెల్లిపో," అన్నాడు.

"నన్ను ఉండమన్నారు కదా."

"అయితే కడుపునొప్పని పండుకో."

"నొప్పి లేదు కదా మావా."

"నీకు పిల్లనిచ్చినప్పుడు, అబద్దమాడని అల్లుడు దొరికాడని ఊరంతా సెప్పుకున్నాను," అన్నాడు ఆయన. "నాకు బుద్ది నేదు."

మర్నాడు ఉదయం చైర్మను ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పటాలంలో చేసి దిగిన బర్మీయుడు, నెరిసిన మీసం, నోట్లో ఆరిపోయిన చుట్ట. మేము ఊజీ అని పిలిచేవాళ్ళం. పెద్దాయన అన్నట్టు. మనిషి గట్టివాడే గాని దురుసువాడు కాదు. వచ్చీ రాగానే బర్మీసులో, "సయా, మీ దేవుడు ఇంజను తిప్పాడట కదా. కిళ్ళీ కొట్టు దగ్గర విన్నాను," అన్నాడు.

నేను తల వంచాను. మావ పీట మీద కూర్చుని తన పాదాల వైపు చూసుకుంటున్నాడు. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది.

చైర్మను సైగ చేస్తే ఒక మనిషి తాడు చుట్టి లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ లాగాడు. రెండోవాడు లాగాడు. ఇంజను ఊపిరి వదిలింది, అంతే. నేను లోలోపల ప్రార్థన చేస్తున్నాను. ఏమని చేస్తున్నానో నాకే తెలియదు. అంటుకోవాలనా, అంటుకోకూడదనా. అప్పుడు నా చెవికి ఒక లోటు తెలిసింది. తాడు లాగినప్పుడల్లా మాగ్నెటోలో పాయింట్లు తెరుచుకునే సన్నటి టిక్కు వినపడాలి. అది లేదు. మూడుసార్లూ లేదు. మాగ్నెటో లోపల ఆ పాయింట్ల ముక్క లేదు.

తల తిప్పి చూశాను. నా భార్య కుడిచెయ్యి కొంగు ముడి మీద ఉంది.

ఆమె మా సంఘంలో ఆడవాళ్ళ ప్రార్థన నడిపే మనిషి. పదహారేళ్ళ కాపురంలో ఆమె నోట ఒక్క కల్ల వినలేదు. ఇప్పుడూ ఆమె నోటితో ఏ కల్లా ఆడలేదు. ఒక ముక్క తీసి ముడి వేసుకుంది, అంతే.

చైర్మను చుట్ట చేతిలోకి తీసుకున్నాడు. "తుక్కే," అని తన మనుషులతో అని, వెళ్ళిపోబోతూ నా వైపు తిరిగాడు. ఏదో మర్యాదకి అడిగినట్టే అడిగాడు. "మీవాళ్ళంతా నువ్వు అబద్ధమాడవంటారు. నువ్వు చెప్పు సయా. ఇది ఎప్పుడైనా నడిచిందా?"

"నడిచింది ఊజీ," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఇప్పుడూ నడుస్తుంది. లోపల ఒక ముక్క తీసేసి ఉంది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మావ తల ఎత్తలేదు. నేను అందరికంటే ఎక్కువగా చైర్మను ముఖం చూసి బెదిరాను. ఆయనకి కోపం రాలేదు. ఎదురుగా నడిచొచ్చి తనంతట తానే గోతిలో దిగినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ముక్క సంగతి ఎందుకు చెప్పావు?"

"మీరు అడిగారు కదా."

"నేను నడిచిందా అని అడిగాను. ఒకప్పుడు నడిచింది అని చెప్పి ఉంటే నేను పోయేవాణ్ణి." గొంతు తగ్గించి, వెనకనున్న ఇద్దరి వైపు కళ్ళతో చూపించాడు. "ఇప్పుడు వీళ్ళు విన్నారు. నేను ఎలా పోను?"

ఆ మాట నా నెత్తిన పిడుగు పడ్డట్టే పడింది. ఆయన పోవడానికే వచ్చాడు. ముసలివాడి పీటా, పెరట్లో కొత్త సాళ్ళూ అన్నీ చూసి, తుక్కు అనే మాట తనే అందించాడు. దాన్ని పుచ్చుకోవడం చేతగానిది నాకే. అడిగినదానికి జవాబు చెప్పడం సత్యం. అడగనిది కూడా చెప్పెయ్యడం ఏమిటి? ఇన్నేళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను.

చైర్మను నా భార్య ముందు అరచెయ్యి చాపాడు. ఆమె ముడి విప్పి ముక్కని అందులో పెట్టింది. గోరంత ముక్క. అదేమిటో, ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. అప్పుడు మావ లేచాడు.

"అలా పిడికిట్లో పట్టకండి ఊజీ. చెమట తగిలితే పాడవుతుంది," అన్నాడు తనకొచ్చిన బర్మీసులో.

తనే మాగ్నెటో మూత తీసి, ముక్క పెట్టి, తుడిచి, బిగించాడు. ఆ ఇద్దరికీ తాడు ఎటునుంచి ఎటు చుట్టాలో చూపించాడు. ముందు పెట్రోలు, వేడెక్కాక కిరసనాయిలు, ఆపేముందు మళ్ళీ పెట్రోలు మీదికి తిప్పడం మరిచిపోకూడదు, మరిచిపోతే పచ్చి కిరసనాయిలు నూనెలోకి దిగి రింగులు పట్టేస్తాయి అని రెండుసార్లు చెప్పాడు. తన చేతిలోంచి పోతున్నదాన్ని పట్టుకుపోయేవాళ్ళకి అంత ఓపికగా అప్పగించడం నేను అంతకుముందు చూడలేదు. వాళ్ళు దాన్ని గేటు దాటించి తోసుకుపోయారు. ఆయన గేటు మూసి, పీట దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఏడు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. ఒకే చూరు కింద ఉండి, నేను ఎదురుగానే కూర్చుని ఉండగా, "మీ ఆయనకి సెప్పు, గొడుగు బయటున్నది," అనేవాడు కూతురితో. ఆమె నా వైపు చూసేది. నేను వెళ్ళి గొడుగు తెచ్చేవాణ్ణి. పొద్దున్న పనికి పోయేముందూ, వచ్చాకా నేను పారతో తవ్వాను. నా చేతులకి వచ్చినంత నేలే సాగైంది. మిగతాది గడ్డి పట్టింది. మావ భోజనం దగ్గర సగంలో లేచిపోయేవాడు.

సంఘంలో మాత్రం నన్ను మెచ్చుకున్నారు. నష్టమొస్తుందని తెలిసీ అధికారి ముందు సత్యం పలికాడంటూ పాస్టరు గారు ఆ సంగతే ఆదివారం లేచి చెప్పమన్నారు. నేను లేవలేదు. ఎవరి నష్టానికి పలికాను? నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

వానలు ముదిరాక గుమాస్తా మళ్ళీ వచ్చాడు. ట్రాక్టరు ఆగిపోయింది, సయాని తీసుకురమ్మన్నారు అన్నాడు. నేను చొక్కా వేసుకుంటుంటే మావ నేరుగా నాతో అన్నాడు.

"ఇక్కడ కుదరదు, ఇంటికి పంపండని సెప్పు. అది అబద్దం కాదు. పనిముట్లన్నీ ఇంటికాడే ఉన్నాయి. ఆ ఒక్క మాట సెప్పు అల్లుడా. రెండో మాట సెప్పకు."

కౌన్సిలు వెనక అది వానలో నిలబడి ఉంది. మీద ఒక గోనెసంచి, అంతే. నూనె కొలిచే పుల్ల తీస్తే కిరసనాయిలు వాసన కొట్టింది. మావ రెండుసార్లు చెప్పింది ఒక్కసారి కూడా చెయ్యలేదు. రింగులు మళ్ళీ పట్టేశాయి. మాగ్నెటోలోంచి నీళ్ళు కారాయి. నా రెండేళ్ళ పని ఏడు వారాల్లో ఇలా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాను.

"బాగవుతుందా?" అన్నాడు చైర్మను.

"అవుతుంది ఊజీ. ఇక్కడ కుదరదు. ఇంటికి పంపండి. పనిముట్లు అక్కడున్నాయి."

"ఎన్నాళ్ళు?"

"చెప్పలేను."

ఆయన నా వైపు కాసేపు చూశాడు. ఇంకేమైనా చెబుతానేమోనని ఆగాడనుకుంటాను. నేను చెప్పలేదు. "అయ్యాక తెలియజెయ్యి," అన్నాడు.

ఎడ్లబండి వెనక కట్టి ఇంటికి తెచ్చాం. మావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం మీద చెయ్యి వేసి, "ఓలమ్మ, ఏటి సేసినారే నిన్ను," అన్నాడు. ఆ రోజు ఇంకో ముద్ద అడిగాడు.

నెలకోసారి గుమాస్తా వచ్చి "అయిందా?" అని గేటు దగ్గర నుంచే అడిగేవాడు. మొదటి నెల పిస్టను నానుతోంది. కాలేదన్నాను. రెండో నెల మాగ్నెటో ఎండలేదు. వాన తెరిపి ఇస్తేగా. కాలేదన్నాను. మూడో నెలకి ఇంజను తిరిగింది. షంటింగ్ చప్పుడు చాటున మావ వెనకవైపు నేల దున్నేశాడు. ముందు చక్రానికి టైరు బాగాలేదు. అది నిజమే. కాలేదన్నాను. పాత యంత్రానికి పని ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆ మాట ఎవరినైనా అడగండి.

నాలుగో నెలలో టైరు కూడా దొరికింది. ఆకుపచ్చ రంగు డబ్బా ఒకటి ఎక్కడో సంపాదించి, బురద రేకులకి వేద్దామని మూత తీసి, కుంచె ముంచబోతున్నాను. మావ సీటు మీదే ఉన్నాడు. అప్పుడే ఒక సాలు ముగించి ఆపాడు. ఇంజను ఇంకా వేడిగా ఉంది. గేటు దగ్గర గుమాస్తా.

"అయిందా సయా?"

"ఇంకా రంగు వెయ్యాలి," అన్నాను.

అక్కడితో ఆపేశాను. నా నోరు దానంతట అదే మూసుకుంది. ఇంకో మాట దాని వెనకే ఉంది, నాలుక మీదే ఉంది. అయినా రాలేదు. గుమాస్తా తల ఊపి వెళ్ళిపోయాడు. నేను కుంచె పట్టుకుని నిలబడిపోయాను. ఇంత సులువా ఇది? నలభై ఏళ్ళు బైబిలు వాక్యం ముందు కూర్చుని నేర్చుకున్న దాని పక్కనుంచి ఇంత మెత్తగా నడిచి పోవచ్చా? పిడుగు పడుతుందేమోనన్నట్టు నిజంగానే ఆకాశం వైపు చూశాను. మబ్బు కూడా లేదు.

"ఆ డబ్బా మూత గట్టిగా బిగించు అల్లుడా," అన్నాడు మావ సీటు మీద నుంచి. "ఎండిపోతే ఈ ఊళ్ళో మళ్ళీ దొరకదు."

కుంచె గుడ్డతో తుడిచాను. మూత పెట్టి, చెక్క ఆన్చి, చుట్టూ సుత్తితో కొట్టాను. గాలి చొరకుండా ఇంకొకసారి కొట్టాను.